దుప్పి వీపు మీద ఇప్పపూలు

ఒకప్పుడు దుప్పి ఒంటి మీద ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. తడిసిన ఎర్రమట్టి ముద్దకు నాలుగు కాళ్ళు పెట్టినట్టు, మెడ నుంచి తోక దాకా ఒకటే రంగు.

ఆ చుక్కలు ఎలా వచ్చాయన్నది చాలా చిన్న కథ. పొయ్యి మీద జావ ఉడికేలోపు అయిపోతుంది. అడుగంటకుండా ఎవరైనా ఒకరు కలుపుతూ కూర్చోండి, చాలు.

అయితే దుప్పి దగ్గరికి పోవాలంటే బండెమ్మ గుమ్మం మీదుగా పోవాలి. బండెమ్మ గుమ్మానికి పోవాలంటే దారిలో మాసయ్య అరుగు ఉంది. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళు త్వరగా లేచిన సందర్భం ఇంతవరకు లేదు.

మాసయ్య చారగట్టు గూడేనికి పెద్ద. వయసులో ఉన్నప్పుడు ఒక అడవిపందిని కొట్టాడు. కొట్టిన రోజున అది మేకపిల్లంత ఉంది. మాసయ్య పెళ్ళినాటికి దూడంత అయింది. మనవలు పుట్టేసరికి ఎద్దంత అయింది. చచ్చిపోయాక కూడా అంత చక్కగా ఎదిగిన పంది ఆ కొండల్లో మరొకటి లేదు.

గూడెంలో మగవాళ్ళందరూ విలుకాళ్ళే. సాయంత్రం అరుగుల మీద చేరినప్పుడు మరీ గొప్ప విలుకాళ్ళు. పొద్దున అడవిలోకి వెళ్ళాక కొంచెం తగ్గేవారు.

నిజంగా విల్లు తెలిసిన మనిషి ఆ గూడెంలో ఒక్కరే. ఆవిడే బండెమ్మ.

బండెమ్మ పుడుతూనే విల్లు పట్టలేదు. విల్లు ఆమె మొగుడిది. అతను ఒకనాడు సందెవేళ, మసక వెలుతురులో, సరిగ్గా చూడకుండానే ఒక దుప్పి మీద బాణం వదిలాడు. బాణం తగిలింది. తగలకూడని చోట తగిలింది. దుప్పి ఆ బాణంతోనే పరుగెత్తింది.

గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. గాయపడ్డ జంతువును అడవిలో వదిలేసి ఇంటికి రాకూడదు. అది ఎంత దూరం పోతే అంత దూరం పోవాలి. దాన్ని వెతికి పట్టుకుని, దాని బాధ తీర్చి, అప్పుడే ఇంటి దారి పట్టాలి.

బండెమ్మ మొగుడు తొమ్మిది రోజులు తిరిగాడు. నెత్తుటి జాడ ఒక వాగు దగ్గర తెగిపోయింది. పదోరోజు ఇంటికి వచ్చి, విల్లును చూరులో దోపి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బండెమ్మ ముద్ద కలిపి పెడితే ముట్టలేదు.

"అది ఇంకా నడుస్తూనే ఉంది, బండీ" అన్నాడు.

ఆ తరవాత అతను విల్లు ముట్టలేదు. ఆ వానాకాలం దాటలేదు.

అప్పుడు బండెమ్మ చూరులోంచి విల్లు తీసింది. చంకలో పసిపిల్ల ఉంది, ఇంట్లో గింజ లేదు. మాసయ్య వచ్చి, "ఆడది విల్లు పడితే అడవికి కోపమొస్తుంది" అన్నాడు. నాలుగు రోజుల తరవాత బండెమ్మ ఒక కొండగొర్రెను కొట్టి, అందులో ఒక తొడ మాసయ్య ఇంటికి పంపింది. అడవి కోపం ఆ పూటే చల్లారిపోయింది.

ఎవరూ నేర్పకుండానే బండెమ్మ విల్లు నేర్చుకుంది. మొగుడు చేసిన తప్పే ఆమెకు గురువు. దుప్పిని చూస్తే చాలదని ఆమెకు తెలిసింది. దుప్పి చాలా పెద్దది, బాణం మొన చాలా చిన్నది. అందుకని దుప్పి ముందుకాలి వెనక, బెత్తెడు పైన, ఒకే ఒక్క వెంట్రుకను చూసేది. ఆ వెంట్రుక తప్ప లోకంలో ఇంకేమీ కనబడనప్పుడు చెయ్యి దానంతట అదే వదిలేది. దుప్పి రెండడుగులు వేసి కూలిపోయేది. దానికి ఏం జరిగిందో కూడా తెలిసేది కాదు.

వెంట్రుక కనబడని రోజులూ ఉండేవి. అలాంటి రోజుల్లో ఎక్కుపెట్టిన విల్లును దించేసి, దారిలో నాలుగు అడవిగడ్డలు తవ్వుకుని ఇంటికి వచ్చేది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. అడవిలో ఆమె ఎప్పుడూ ఒంటరిగానే ఉండేది కదా.

చంకలోని పసిపిల్ల పెరిగి పెద్దదైంది. ఆ పిల్ల పేరు సింగారి. ఇక్కడ కట్టుబాటు గురించి ఇంకొక ముక్క చెప్పుకోవాలి. జావ కలుపుతున్నారు కదా?

చారగట్టులో పిల్లను అడగడానికి వచ్చినవాడు ఇప్పపూల కాలం నుంచి మళ్ళీ ఇప్పపూల కాలం దాకా పిల్ల ఇంట్లో పని చెయ్యాలి. ఏడాది తిరిగాక, చెట్టు మీద ఆఖరి పువ్వు రాలేలోపు, తన బాణంతో కొట్టిన దుప్పిని తెచ్చి గుమ్మంలో పెట్టాలి. పిల్ల తల్లి వంగి బాణం ఎక్కడ దిగిందో చూస్తుంది. సరైన చోట దిగితే పిల్లనిస్తుంది. పక్కకు దిగితే, "మంచినీళ్ళు తాగి వెళ్ళు నాయనా" అంటుంది. దుప్పే రాకపోతే ఆ నీళ్ళు కూడా ఉండవు.

సింగారి కోసం అప్పటికి ఇద్దరు మంచినీళ్ళు తాగి వెళ్ళారు. రెండోవాడు మాసయ్య మేనల్లుడు. బాగా ఎండలో వచ్చాడేమో, రెండు చెంబులు తాగాడు.

మూడోవాడు గాదయ్య. కొండ కింద ఏటి ఒడ్డు పల్లెవాడు. సింగారి తేనె ఇచ్చి ఎండుచేపలు తెచ్చుకోవడానికి ఏటి రేవుకు వెళ్ళేది. ఒకనాడు ఎండుచేపలతోపాటు అతనూ వెంట వచ్చాడు.

"ఏం పనొచ్చురా నీకు?" అంది బండెమ్మ.

"చేపల్ని బాణంతో కొడతానత్తా."

"అత్తా గిత్తా అనకు. అది ఏడాది తరవాతి మాట. చేపలు మా కొండెక్కవు. దుప్పిని కొట్టగలవా?"

"చేప కన్నా పెద్దదే కదత్తా."

గూడెం అంతా ఘొల్లుమంది. సింగారి మాత్రం నవ్వలేదు. బండెమ్మ ఆ సంగతి గమనించి, పారనూ కావడినీ చూపించింది.

"పొలం అటు, వాగు ఇటు. పో, ఏటోడా."

గాదయ్య తవ్వాడు, మోశాడు, కట్టెలు కొట్టాడు. పనికి వంక పెట్టడానికి లేదు. వానలు మొదలయ్యాక బండెమ్మ ఎండుగడ్డితో ఒక దుప్పి బొమ్మ కట్టి, ఎర్రమట్టి పూసి, వెదురుపొదల ముందు నిలబెట్టింది. చూరులోంచి విల్లు తీసి అతని చేతికిచ్చింది.

"కొట్టు."

గాదయ్య ఒక కన్ను మూసి, బాణం మొనను చూసుకుని, ఊపిరి బిగబట్టి వదిలాడు. బాణం గడ్డిదుప్పి పొట్ట కింద నేలలో దిగింది. రెండోదీ అక్కడే దిగింది. మూడోదీ అక్కడే. ఒక్క బాణం కూడా అటూ ఇటూ పోలేదు. అన్నీ చక్కగా పొట్ట కిందే.

గూడెం మళ్ళీ పోగైంది.

"ఏటోడా, దుప్పిని కొట్టమంటే దాని నీడను కొడతావేం?" అన్నాడు మాసయ్య మేనల్లుడు. రెండు చెంబులు తాగినవాడే.

"వానపాములేమన్నా దొరికాయేమో చూడండర్రా" అంది ఒక ముసలమ్మ.

మూడు రోజుల్లో ఆ చోట నేల దున్నినట్టు అయింది. బండెమ్మ అక్కడ నాలుగు చిక్కుడు గింజలు పెట్టింది. తరవాత అవి బాగానే కాశాయి.

నాలుగోరోజు బండెమ్మ అతని పక్కన గొంతుక్కూర్చుంది.

"నీళ్ళలో చేపను ఎలా కొడతావో చెప్పు."

"నీళ్ళలో చేప కనబడిన చోట ఉండదత్తా. దానికి కింద ఉంటుంది. అందుకని కనబడిన చోటికి కింద కొట్టాలి."

"ఇక్కడ నీళ్ళున్నాయా?"

గాదయ్య కాసేపు గడ్డిదుప్పి వైపు చూశాడు.

"లేవు" అన్నాడు.

"మరి దుప్పి ఎక్కడుంది?"

"కనబడిన చోటే ఉంది."

"అది నీ నోటికి తెలుసు. నీ చేతికి తెలియదు. ఏట్లో పెరిగినవాడికి కళ్ళ మీద నమ్మకం ఉండదు. ఆ నమ్మకం వచ్చేదాకా నీకు బాణం లేదు."

బాణాలు దాచేసింది. వానాకాలం అంతా అతనికి వేలితోనే పాఠం. దారిలో పోతూ పోతూ హఠాత్తుగా అడిగేది.

"పాలపిట్ట ఎక్కడ?"

గాదయ్య చటుక్కున చూపించేవాడు.

"వేలిని చూసుకుని చూపించావా?"

"లేదత్తా. పిట్టను చూశాను."

"మరి వేలు అటెలా పోయింది?"

"ఏమో. అదే పోయింది."

"బాణమూ అంతే. ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ముద్దను చూస్తావా? చూడవు. ఎప్పుడన్నా చెవిలో పెట్టుకున్నావా?"

చలికాలం అంతా ఒట్టి విల్లు. బాణం లేకుండా లాగడం, దించడం. లాగిన ప్రతిసారీ చూపుడువేలు పెదవి చివర ఒకే చోట ఆనాలి. ఒకసారి పెదవి దగ్గరా, ఒకసారి దవడ దగ్గరా ఆనితే బండెమ్మ చిన్న పుల్లతో మణికట్టు మీద తట్టేది. ఒక కన్ను మూస్తే, "రెండోది ఎవరికోసం దాచుకుంటున్నావు?" అనేది. సంక్రాంతి దాటి, మాఘం వెళ్ళేసరికి అతని పెదవి చివర చిన్న కాయ కాసింది. నిద్రలో కూడా వేలు అక్కడికే పోతోందని సింగారి చెప్పింది. నిద్రలో సంగతి నీకెలా తెలుసని బండెమ్మ అడగలేదు. గూడెం మాత్రం చాలామందిని అడిగింది.

ఫాల్గుణం వచ్చింది. ఇప్పచెట్టు తొలి పువ్వు రాల్చింది. లేతపసుపు తెలుపు, తాకితే వేళ్ళకు అంటుకునే జిగురు. బండెమ్మ ఆ పువ్వు తీసుకెళ్ళి గడ్డిదుప్పి ముందుకాలి వెనక, బెత్తెడు పైన అతికించింది. దాచిన బాణాలు తెచ్చి ఇచ్చింది.

"దుప్పిని చూడకు. నేనైతే ఒక్క వెంట్రుకను చూస్తాను, నువ్వు పువ్వును చూడు. పువ్వును కూడా చూడకు, పువ్వు మధ్యను చూడు. అది తప్ప ఇంకేమీ కనబడనప్పుడు వదులు. కనబడకపోతే దించు. దించడం చేతకానివాడికి వదిలే హక్కు లేదు."

ఆ చివరి మాట ఎక్కడినుంచి వచ్చిందో గాదయ్యకు తెలుసు. సింగారి అంతకుముందే చెప్పింది, వాళ్ళ నాన్న గురించి.

బండెమ్మకు కావలసింది ఒక్కటే. తన ఇంటి గోడకు ఆనుకుని ఇంకొక మగవాడు అలా కూర్చోకూడదు. తన పిల్ల ఇంకొకడికి ముద్ద కలిపి పెట్టి, అతను తినకపోతే చూస్తూ ఉండకూడదు.

మొదటి బాణం పువ్వు పక్కన దిగింది. రెండోది పువ్వులో దిగింది.

పదిరోజులకు పదిలో తొమ్మిది పువ్వులోనే దిగుతున్నాయి. గూడెం రావడం మానేసింది. నవ్వడానికి ఏమీ లేనిచోటికి చారగట్టువాళ్ళు అంతదూరం నడవరు.

ఇక్కడ దుప్పి వస్తుంది. చెప్పాను కదా, చిన్న కథేనని.

ఈ పాఠాలన్నీ వెదురుపొదల వెనక నుంచి ఒక దుప్పుల మంద వింటోంది. మొదట్లో అవి వినోదానికే వచ్చేవి. పొద్దువాలగానే చెట్టు మీది కొండముచ్చు, "రండి రండి, ఏటోడు మొదలుపెట్టాడు!" అని కేకేసేది. బాణం నేలలో దిగినప్పుడల్లా పిల్లలు ఎగిరి గంతేసేవి.

పువ్వు వచ్చాక గంతులు ఆగిపోయాయి.

"పదకొండో బాణం. పదకొండోదీ పువ్వులోనే" అంది కొండముచ్చు, నీరసంగా.

మంద పెద్ద ఒక ముసలి దుప్పిపోతు. దాని కొమ్ములు ఎండిన చింతకొమ్మంత ఉండేవి. ఆ పువ్వు తన ఒంటి మీదే ఉన్నట్టు ముందుకాలి వెనక దానికి జిలపుట్టింది.

మర్నాడు తెల్లవారుజామున అది ఇప్పచెట్టు దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, నీ పువ్వొకటి నా ప్రాణం తీసేట్టుంది."

"నేను పూసేది మీరు తినడానికి కదరా" అంది చెట్టు. "ఎవరు చెప్పారు నీకు?"

దుప్పిపోతు అంతా చెప్పింది. చెప్పి, "ఒక్క పువ్వు ఉంటే వాడి చూపు అక్కడ ఆగుతోంది. మూడువందల పువ్వులుంటే ఎక్కడ ఆగుతుంది?" అంది.

ఇప్పచెట్టు చాలాసేపు ఆకు కదపలేదు. తొందరపడే చెట్టు కాదు అది.

"రేపు తెల్లారేసరికి మందనంతా తెచ్చి నా కింద పడుకోబెట్టు. ఎవరూ కదలకూడదు. కానీ ఒక మాట విను. చూసి వదిలేవాడి నుంచి నా పూలు నిన్ను కాపాడతాయి. చూడకుండా వదిలేవాడి నుంచి నేనేం కాపాడగలను?"

"చూడకుండా వదిలేవాళ్ళ బాణాలు అడవిలో చెట్లకే తగులుతున్నాయమ్మా. మాకు భయం బండెమ్మ ఒక్కతంటేనే. ఆవిడ చూడకుండా వదలదు. ఏటోడికీ అదే నేర్పుతోంది."

"ఏమో. చెప్పాల్సింది చెప్పాను" అంది చెట్టు.

మర్నాడు మంద మంద అంతా వచ్చి పడుకుంది. వెలుతురు రాకముందే పూలు రాలడం మొదలైంది. టప్. టప్. టప్. వీపుల మీద, పక్కల మీద, వెన్ను పొడుగునా వరసగా. పిల్లదుప్పి ఒకటి నాలుక చాపి పక్కదాని వీపు నాకబోయింది. "నాకకు, అది మీ అక్క ప్రాణం!" అని తల్లి కసిరింది. దుప్పికి పెద్దన్నలాంటి కణుజు కూడా కాసేపు పడుకుంది. కానీ చక్కిలిగింతలు తట్టుకోలేక లేచి పోయింది. అందుకే దానికి చుక్కలు లేవు. అది వేరే కథ, అదీ చిన్నదే.

పొద్దు పొడిచాక దుప్పులు లేచి ఒళ్ళు విదిలించుకున్నాయి. పూలు రాలిపోయాయి. వాటి తెలుపు మాత్రం రాలలేదు. ఎండకు అక్కడే ఆరి, రోమాల్లోకి దిగిపోయింది.

అదే రోజు, చెట్టు మీద ఇంక గుప్పెడు పూలు మిగిలి ఉండగా, గాదయ్య ఏడు బాణాలతో అడవికి వెళ్ళాడు. బండెమ్మ గుమ్మంలో కూర్చుంది. సింగారి లోపల ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

ఆఖరి పువ్వు కూడా రాలిపోయాక, మిట్టమధ్యాహ్నం గాదయ్య తిరిగొచ్చాడు. భుజం మీద దుప్పి లేదు. పొదిలో ఏడు బాణాలూ శుభ్రంగా ఉన్నాయి.

"కనబడలేదా?" అంది బండెమ్మ.

"కనబడిందత్తా. ముసలిపోతు. ఇరవై అడుగుల్లో, అడ్డంగా నిలబడింది."

"మరి?"

"ఏడుసార్లు ఎక్కుపెట్టాను. ఏడుసార్లు దించాను. దాని ఒళ్ళంతా పూలున్నాయి. ఒక పువ్వు మీద చూపు పెడితే పక్కది లాగేస్తోంది. అది పట్టుకుంటే దాని పక్కది. ఏట్లో నీళ్ళ మీద ఎండ పడ్డట్టు, కన్ను ఎక్కడా ఆగలేదు."

అప్పటికి గూడెం పోగైంది. మళ్ళీ నవ్వడానికి ఏదో దొరికిందని వాళ్ళకు ఎలా తెలుస్తుందో ఏమో.

"దుప్పికి పూలట!" అన్నాడు మాసయ్య. "రేపు ఏనుగుకు తోక ముందుంది అంటాడు."

"ఇప్పపూలు తిన్నాడా, ఇప్పసారా తాగాడా?" అన్నాడు మేనల్లుడు.

"అమ్మా, ఇతను అబద్ధం చెప్పడు. చేపల గురించి కూడా చెప్పడు" అంది సింగారి.

బండెమ్మ పదహారేళ్ళుగా దుప్పుల్ని చూస్తోంది. ఏ దుప్పి మీదా ఏ పువ్వూ చూడలేదు. వీడికి చెయ్యి వణికి ఉంటుంది, చెప్పుకోలేక ఈ మాట కల్పించాడు అనుకుంది.

"గుమ్మంలో దుప్పి లేదు. పిల్లా లేదు. వెళ్ళు, ఏటోడా" అంది.

గాదయ్య విల్లును గోడకు ఆనించాడు. బాణాల పొది దాని పక్కన పెట్టాడు. సింగారి వైపు ఒకసారి చూసి, కొండ దిగిపోయాడు. మంచినీళ్ళు అడగలేదు.

మర్నాడు పొద్దున్నే బండెమ్మ విల్లు తీసింది.

"ఎక్కడికమ్మా?" అంది సింగారి.

"పూలు చూడ్డానికి."

సింగారి వెంట వెళ్ళింది. మాసయ్య వెంట వెళ్ళాడు. మాసయ్య వెళ్ళాడని మేనల్లుడు, మేనల్లుడు వెళ్ళాడని మిగతావాళ్ళు. పదహారేళ్ళలో మొదటిసారి బండెమ్మ వెనక గూడెం అంతా అడవిలోకి నడిచింది. వాళ్ళు చప్పుడు చేయకుండా నడిచారని చెప్పడం కష్టం.

వెదురు చాటున ముసలిపోతు నిలబడి ఉంది. దాని ఒళ్ళంతా తెల్లటి పూలు.

గాదయ్య చెప్పింది నిజమే.

బండెమ్మ ఎక్కుపెట్టింది. వేలు పెదవి చివర ఆనింది. ముందుకాలి వెనక, బెత్తెడు పైన చూసింది. అక్కడ ఒక చుక్క. దాని పక్కన ఇంకొకటి. దాని పైన మరొకటి. వెంట్రుక కోసం వెతికింది. కన్ను జారింది. మళ్ళీ వెతికింది. మళ్ళీ జారింది.

దించాలి. అది ఆమెకు తెలుసు. ఎన్నోసార్లు దించిన చెయ్యే అది.

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. మాసయ్యే అయి ఉంటాడు. "బండెమ్మ దించింది" అన్న మాట రేపు ఏ అరుగు మీద ఎంత పెరుగుతుందో ఆమెకు ఒక్క క్షణంలో కనబడింది. వెంట్రుక కనబడలేదు గానీ, అది కనబడింది.

వదిలేసింది.

బాణం తగిలింది. దుప్పి కూలలేదు. బాణంతోనే పరుగెత్తింది.

ఎవరూ మాట్లాడలేదు. మాసయ్య కూడా మాట్లాడలేదు. అదొక్కటే ఆ రోజు గూడెం చేసిన మంచిపని. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి ఇళ్ళకు పోయారు.

బండెమ్మ ఇంటికి పోలేదు. నెత్తుటి జాడ పట్టుకుని నడిచింది. సింగారి ఆమె వెనకే నడిచింది. మొదటిరోజు జాడ రాళ్ళ మీద ఉంది. రెండోరోజు ఆకుల మీద ఉంది. మూడోరోజు ఒక వాగు దగ్గర తెగిపోయింది. బండెమ్మ ఆ వాగు ఒడ్డున ఆగిపోయింది. మొగుడు చెప్పిన వాగు ఇదే అయి ఉంటుందని ఆమె అనుకుంది. అవునో కాదో ఎవరికీ తెలియదు.

"గాయపడ్డది నీళ్ళ వెంట కిందికే పోతుందమ్మా" అంది సింగారి. "ఈ వాగు ఏట్లో కలుస్తుంది. రా, నాకు దారి తెలుసు."

వాగు ఏట్లో కలిసే చోట, ఇసుకలో, ముసలిపోతు పడుకుని ఉంది. నీళ్ళు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. అక్కడిదాకా పోలేకపోయింది.

బండెమ్మ దోసిలితో నీళ్ళు తెచ్చి దాని మూతి దగ్గర పెట్టింది. అది తాగింది.

"ఆ వెంట్రుక కనబడిందా, బండెమ్మా?" అంది దుప్పి.

"లేదు."

"ఏటోడు ఏడుసార్లు దించాడు. నేను లెక్కపెట్టాను."

"తెలుసు."

"నిన్ను నమ్మి పూలు పెట్టుకున్నాను" అంది దుప్పి.

బండెమ్మ దాని మెడ మీద చెయ్యి వేసింది. మొలలోంచి కత్తి తీసి, దాని బాధ తీర్చింది.

తరవాత తల్లీకూతుళ్ళిద్దరూ దుప్పి కాళ్ళు కట్టి, కర్రకు దూర్చి, భుజాల మీదికి ఎత్తుకున్నారు. కొండ వైపు తిరగలేదు. ఏటి ఒడ్డు పల్లె వైపు తిరిగారు.

గాదయ్య గుమ్మంలో కూర్చుని చినిగిన వల కుట్టుకుంటున్నాడు. బండెమ్మ దుప్పిని తెచ్చి అతని గుమ్మంలో దించింది.

"వంగి చూడు" అంది.

"నేనా?"

"నువ్వే. బాణం ఎక్కడ దిగిందో చూడు."

గాదయ్య వంగి చూశాడు. చూసి, లేచి నిలబడ్డాడు.

"చెప్పు."

"జానెడు వెనక" అన్నాడు, నేల చూస్తూ.

"అయితే మంచినీళ్ళియ్యి. తాగి వెళ్తాను."

గాదయ్య లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. బండెమ్మ తాగింది. చెంబు అతని చేతికిచ్చి, సింగారిని అక్కడే వదిలి, కదలబోయింది.

"నాకూ కనబడలేదత్తా" అన్నాడు గాదయ్య, వెనక నుంచి.

బండెమ్మ ఆగింది.

"కనబడకపోతే ఏం చెయ్యాలో నీకు తెలుసు, అల్లుడా" అంది.

అతన్ని ఆ మాటతో పిలవడం అదే మొదలు. విల్లును భుజం మీంచి తీసి అతని గోడకు ఆనించింది. కొండెక్కి ఇంటికి పోయింది. మళ్ళీ విల్లు పట్టలేదు. పొయ్యి వెలిగించి, గడ్డలు ఉడికించుకుని తింది.

పెళ్ళి ఏటి ఒడ్డున జరిగింది. విందుకు చేపలు పెట్టారు. గూడెం అంతా వచ్చింది. దుప్పి తోలు గోడకు ఆరేసి ఉంటే మాసయ్య దాని చుక్కలు తాకి చూసి, తను కొట్టిన పందికి కూడా అలాంటివే ఉండేవన్నాడు.

అప్పటినుంచే దుప్పి ఒళ్ళంతా ఇప్పపూల చుక్కలు. వాటిని చూస్తే ఎంతటి విలుకాడికైనా కన్ను జారుతుంది. అయినా అప్పటినుంచే, ఎక్కడ ఒక ఎండుటాకు చప్పుడైనా, దుప్పి నిలబడదు. వచ్చేవాడు దించేవాడో, వదిలేవాడో దానికి తెలియదు.